జడుపుతీత

అంగారకుడి మీద సైరన్ మోగితే పెద్దవాళ్ళు చేతిలో ముద్ద దించి, గొణుక్కుంటూ నేలమాళిగలోకి దిగేవాళ్ళు. అలవాటైపోయింది మరి. పిల్లలకే అలవాటు కాలేదు. మంచు గనుల కోసం తూర్పు కాలనీకీ పడమటి కాలనీకీ యుద్ధం ముదిరాక, అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న ఏడేళ్ళ కువల తూర్పు కాలనీ అనాథాశ్రమంలో భోజనాల బల్ల కిందకి చేరింది. తిండీ నిద్రా అక్కడే.

డాక్టర్ హైమవతి జడుపుతీత యంత్రాన్ని తయారుచేసింది ఇలాంటి పిల్లల కోసమే. రెండు హెల్మెట్లు, మధ్యలో ఒక కేబుల్. భయం పుట్టించే నాడీతరంగాన్ని ఒక తలలోంచి లాగి ఇంకో తలలో పెడుతుంది. పారబోయడం కుదరదు, ఎవరో ఒకరు మోయాల్సిందే. దిష్టి తీసిన ఉప్పు ఎవరూ తొక్కని చోట వెయ్యాలని ఆవిడ అమ్మమ్మ చెప్పేది. ఇన్నాళ్ళూ ఆశ్రమం ఆయాలే ఆ భయాల్ని తలా కాస్త పంచుకుని, వణుకుతూనే వంట చేశారు. కువల భయం కూడా మోయడం ఇక వాళ్ళవల్ల కావట్లేదు.

అప్పుడే తూర్పు కాలనీ సేనాపతి భార్గవ ఆశ్రమం చూడ్డానికి వచ్చాడు. యుద్ధం ఆపగలిగిన మనిషికి ఈ భయం రుచి తెలిస్తే? కువల భయాన్ని కాస్త మోస్తారా అని హైమవతి అడిగేసింది.

"పిల్ల జడుపేగా, ఇటివ్వండి," అన్నాడాయన నవ్వుతూ.

ఇద్దరికీ హెల్మెట్లు పెట్టి స్విచ్ వేసిన కాసేపటికి కువల తనది తీసేసి, బల్ల కిందనుంచి వచ్చి ఆకలేస్తోందంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడి హైమవతి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంత భయాన్ని ఈ పసిది ఎలా మోసిందమ్మా?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి హైమవతి ప్రాణం లేచొచ్చింది. ఇంకేం, యుద్ధం ఆగినట్టే అనుకుంది.

ఆయన రేడియో అందుకున్నాడు. "క్షిపణులన్నీ సిద్ధం చెయ్యండి. పడమటి కాలనీలో ఏదీ మిగలకూడదు. వాళ్ళు రాకముందే మనం కొట్టాలి."

"అయ్యో, అక్కడా పిల్లలున్నారండీ," అంది హైమవతి.

"నాకు భయమేస్తోంది డాక్టరుగారూ. ఆ పిల్లల్ని తలుచుకునే ఓపిక లేదు నాకు."

ఉప్పు తీసుకెళ్ళి ఎవరి కాళ్ళ కింద పోసిందో హైమవతికి అప్పుడు తెలిసొచ్చింది.

కువల నోట్లో ముద్ద మింగి, వచ్చి, తన హెల్మెట్ మళ్ళీ తలకి పెట్టుకుంది.

"నా జడుపు నాకిచ్చెయ్యి మామయ్యా," అంది. "నేనైతే బల్ల కింద కూర్చుంటానంతే."