వంకర చిటికెన వేలు

"మూడు ట్యూబులు," అన్నాడు చీఫ్. "ఏ మందుకూ లొంగని టీబీ. విదేశీ ముఠా చేతిలో పడితే దేశాలకు దేశాలే దగ్గుతాయి. లాబ్‌లో మన మనిషి డాక్టరమ్మ. నువ్వు ఏసీ మెకానిక్ వేషంలో వెళ్ళి అవి తెచ్చెయ్యాలి."

మర్నాడు మధ్యాహ్నం కొంగ టూల్‌బాక్సుతో లాబ్‌లో దిగాడు. ఎంతసేపైనా కదలకుండా కాపు వేస్తాడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. అతని ఎడమచేతికి ఎప్పుడూ గ్లవ్ ఉంటుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

డాక్టరమ్మ అందగత్తె. మాస్కు కింద కూడా లిప్‌స్టిక్ వేసుకునే మనిషి. ఎవరికోసమో కొంగ అప్పుడే ఆలోచించాల్సింది.

"ఈ గదికి చలి పడదు," అన్నాడు కొంగ.

"చలి పడనిది మనుషులకే," అంది ఆమె. కోడ్ సరిపోయింది.

ట్యూబులు ఇంక్యుబేటర్ రూమ్‌లో ఉన్నాయంది. టీబీ క్రిమి వారాల తరబడి తీరిగ్గా పెరిగే వెచ్చని గది అది. టూల్‌బాక్స్ గుమ్మం బయటే పెట్టి కొంగ లోపలికి అడుగేశాడు. వెనక ఉక్కు తలుపు పడింది. ర్యాక్‌లో మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

ఇంటర్‌కమ్ గరగరలాడింది. "సారీ మెకానిక్ గారూ. నేను మొదటినుంచీ అటు మనిషినే. ఎనిమిది నిమిషాల్లో ట్యూబులతో మా వాన్ కదులుతుంది. హీటర్ ఫుల్లో పెట్టాను. లోపలి గడియ ఆ కాయిల్ వెనకే ఉంది, చెయ్యి పెట్టగలిగితే పెట్టుకోండి."

కాయిల్ ఎర్రగా కాలుతోంది. స్విచ్ బయట. ఫోన్‌కి సిగ్నల్ లేదు. జేబులో ఉన్నది యంత్రాల సందుల్లోకి చూసే చిన్న అద్దం ఒక్కటే. చెమట కళ్ళలోకి కారింది. బోనులో ఎలుకలా చిక్కానని కొంగకు నిజంగానే భయమేసింది.

పదకొండో ఏట అతనికి కుష్ఠు వచ్చింది. దాని క్రిమి టీబీ క్రిమికి దాయాదే. ఏడాది మాత్రలతో రోగం పోయింది గానీ, ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ మొద్దుబారి వంగిపోయాయి. "నీ చెయ్యి నీకు నిజం చెప్పదురా, కళ్ళతో చూసుకోవాలి," అంటూ అమ్మ రోజూ పొద్దున్నే ఆ వేళ్ళు తిప్పి తిప్పి చూసేది. ఉద్యోగం దరఖాస్తులో ఆ సంగతి దాచాడు. ఇప్పుడు చెయ్యి కాలితే ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళ గుట్టు రట్టవుతుంది, ఉద్యోగం ఊడుతుంది. కాల్చుకోకపోతే ట్యూబులు దాటిపోతాయి.

ఆ సన్నటి సందులో గ్లవ్ పట్టదు. కొంగ గ్లవ్ తీశాడు.

మొద్దుబారిన వేళ్ళు రెండూ కాయిల్ వెనక్కి దూర్చాడు. నొప్పి లేదు. చిక్కల్లా, వేలికి గడియ తగిలినా తెలియదు. కుడిచేత్తో అద్దం పట్టుకుని, అమ్మ చెప్పినట్టే కళ్ళతో వెతికాడు. చర్మం కాలిన వాసన వేసింది. అద్దంలో తన వేలే ఎవరిదో అన్నట్టు జరుగుతోంది. చివరికి వంకర చిటికెన వేలు గడియకు తగులుకుంది. లాగాడు.

వాన్ అప్పటికే స్టార్టయింది. కొంగ కారిడార్‌లో గేటు మూసే ఎర్ర బటన్ గుద్దాడు. వాన్ ముక్కుకి బెత్తెడు దూరంలో గేటు మూసుకుపోయింది. ఒళ్ళో ట్యూబులున్న ఫ్లాస్కుతో దొరికిపోయిన డాక్టరమ్మ అతని చేతిని చూసి తెల్లబోయింది.

"నొప్పెయ్యలేదా?"

"వేసినా నాకు తెలియాలిగా డాక్టరమ్మా. ఫ్లాస్కు ఇలా ఇవ్వండి."

సాయంత్రం ఆసుపత్రిలో చీఫ్ అతని కట్టు వంక చూశాడు. "ఇక్కడి డాక్టర్ అంతా చెప్పాడు."

కొంగ తల దించుకున్నాడు. "దరఖాస్తులో అబద్ధం రాశాను సార్. రాజీనామా ఇస్తాను."

"అది గూఢచారి ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తయ్యా," అన్నాడు చీఫ్. "నిజాలు రాసినవాళ్ళందర్నీ ఆ రోజే ఇంటికి పంపేశాను."