ఇస్త్రీపెట్టెకు వేరే లైను

ఆ పొద్దున మబ్బు బెజవాడ కొండ మీదికి దిగి కూర్చుంది. కురవదు, కదలదు. సైకిలు తొక్కుతూ కరెంటు పనివాడు సాంబమూర్తి మరోసారి లెక్క చూసుకున్నాడు. వన్ టౌన్‌లో మార్కండేయులు గారింట్లో అడుగుపెట్టి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు.

అంతకుముందు వారం వారం కబురొచ్చేది, ఫ్యూజు పోయిందని. ఒక్క దీపం హోల్డరుకే కరెంటు ఇస్త్రీపెట్టె, టేబుల్ ఫాను, కాఫీ నీళ్ళ కెటిలు తగిలిస్తే పోక ఏమవుతుంది? "ఒక్కోటి పెట్టుకోండి" అని చెప్పేవాడు. జవుళి వర్తకుడైన మార్కండేయులు కూతురు రామతులసి బుద్ధిగా తలూపేది. వారం తిరక్కుండా మళ్ళీ కబురు. ఇస్త్రీ అయిన చీరనే మళ్ళీ ఇస్త్రీ చేస్తోందని మడతలు చూసి కనిపెట్టాడు. ఫ్యూజులో తెగిన సన్నతీగ మార్చి, ఆమె నాయనమ్మ చౌడేశ్వరమ్మ వీధరుగు మీద ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళేవాడు.

ఉన్నట్టుండి కబుర్లు ఆగిపోయాయి. రామతులసి పెళ్ళయి వెళ్ళిపోయిందేమో అనుకున్నాడు. లేని పనులు కల్పించుకుని ఆ సందులోంచే తిరిగాడు. ఇవాళ మార్కండేయులే పిలిపించాడు.

"ఫ్యూజు పోలేదయ్యా. గోడే కాలిన వాసనొస్తోంది."

సాంబమూర్తి మెయిను ఆపి ఫ్యూజు పెరికి చూశాడు. సన్నతీగ ఉండాల్సిన చోట లావుపాటి రాగితీగ మెలేసి ఉంది.

"ఎవరండీ ఇది వేసింది?"

"నేనే. మాటిమాటికీ నిన్ను పిలవడమేమిటని. మూడు వారాలు, ఒక్కసారి పోతే ఒట్టు."

"పోవాలండీ. లోడు ఎక్కువైతే సన్నతీగ తెగి ఇంటిని కాపాడుద్ది. అది తెగకపోతే గోడలో వైరు కాగుద్ది."

వైర్లను కప్పిన చెక్క కేసింగు మూత ఊడదీశాడు. వైరు మీది రబ్బరు కరిగి బొగ్గయింది. జానెడు పైన నూలు చిలపలు కట్టలు కట్టలుగా పేర్చిన అటక. మార్కండేయులు ముఖం పాలిపోయింది.

"పాత వైరు మారుస్తానండీ. ఇస్త్రీపెట్టెకొకటి, కెటిలుకొకటి వేరే లైన్లు లాగుతాను."

సామాను తేవడానికి ఆయనే గవర్నర్‌పేట వెళ్ళాడు.

ఆయన సామాను తెచ్చిచ్చి కొట్టుకు వెళ్ళాక పని మొదలైంది. రామతులసి వచ్చి నిచ్చెన పట్టుకుంది. ఒక్కో మేకు దిగుతుంటే ఆ గడప ఒక్కో అడుగు దూరం జరుగుతున్నట్టుంది సాంబమూర్తికి.

"ఇక ఫ్యూజు పోదాండీ?"

"పోదండీ."

"అన్నీ కలిపి పెట్టినా?"

"పెట్టినా."

"కాస్త నాసిగా చేస్తే మీ సొమ్మేం పోయింది?"

సుత్తి ఆగింది. "ఇల్లే కాలిపోతే ఏ ఇంటి ముందు సైకిలు ఆపాలండీ?"

కింద నిచ్చెన పట్టు బిగిసింది.

వెనక చౌడేశ్వరమ్మ బియ్యం ఏరుతోంది. "మీదే ఊరు నాయనా?"

"పెడనండీ. నాన్నది మగ్గం. నేనే ఈ తీగల్లో పడ్డా."

"ఏదైనా పోగులేగా" అంది ముసలావిడ.

మధ్యాహ్నం మార్కండేయులు భోజనానికి వచ్చేసరికి పని ముగిసింది. మూడూ ఒకేసారి పెట్టి చూపించాడు. దీపం రెప్ప వాల్చలేదు. రామతులసి వాల్చింది. అతను సామాను సంచిలో సర్దుకుని, అలవాటుగా వీధరుగు వైపు నడిచాడు.

"అక్కడికెందుకు?" అంది చౌడేశ్వరమ్మ. "తులసీ, లోపల వెయ్యి ఆకు. మీ నాన్న పక్కన."

మార్కండేయులు తల్లిని చూశాడు. కూతుర్ని చూశాడు. కింద పడి ఉన్న కాలిన వైరు ముక్క చూశాడు.

"కాళ్ళు కడుక్కో అబ్బాయ్."

"నువ్వూ కూర్చోవే" అంది నాయనమ్మ. "ఇవాళ వడ్డన నాది."

మూడాకులు. బయట మబ్బు చినుకులు రాల్చడం మొదలుపెట్టింది. ఎదుటి ఆకు ముందు గాజులు ఒకసారి గలగలమని ఊరుకున్నాయి. సాంబమూర్తి తలవంచుకుని గోంగూర కలుపుకున్నాడు. మార్కండేయులు నేతిగిన్నె అతని వైపు జరిపాడు.