రెండున్నర కిలోల అబద్ధం

సైకిల్ షాపుకి వచ్చినవాళ్ళు ముందు బెల్లు కొడతారు, తర్వాత టైరు నొక్కుతారు, ఆ తర్వాత రంగు దగ్గర పేచీ పెడతారు. ఈ అమ్మాయి మాత్రం లోపలికి వస్తూనే మొదటి వరసలో ఉన్న ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్‌ని రెండు చేతులా పట్టుకుని ఎత్తబోయింది. అది జానెడు లేచి దభీమని కూలబడింది.

మెకానిక్ చేతిలో స్పానర్ పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, మేడమ్! సైకిల్ తొక్కడానికండీ, ఎత్తడానికి కాదు."

"నాకు ఎత్తడానికే కావాలి," అంటూ ఆమె రెండో సైకిల్ దగ్గరికి నడిచింది. "ఇదెంత బరువు?"

"ఇరవై నాలుగు కిలోలు. కానీ దీని మోటారు చూడండి, ఎంత ఎత్తయినా..."

"ఇదో?"

"ఇరవై రెండు. బ్యాటరీ పెద్దదండీ, పొద్దున బయల్దేరితే..."

"అడగనివన్నీ చెప్తారేంటండీ మీరు?"

అతనికి ఒళ్ళు మండింది. కొండదారుల్లో తొక్కేవాళ్ళు ఎవరైనా సరే, అతని మాట వినకుండా సైకిల్ కొనరు. అలాంటివాణ్ణి పట్టుకుని ఇదా మాట! కానీ ఆమె ఎడమ భుజాన్ని కుడిచేత్తో నొక్కుకుంటూ, పెదవి బిగించి నిలబడ్డ తీరు చూసేసరికి ఆ మంట కాస్తా చప్పున చల్లారిపోయింది. స్టూలు లాగి వేశాడు.

"కూర్చోండి. అసలు సంగతి చెప్పండి."

సంగతి ఇదీ. ఆమె పళ్ళ డాక్టర్. క్లినిక్ రెండు వీధుల అవతలే. ఊరి చివర అడవిలోంచి కొండ మీదికి వెళ్ళే మట్టిదారంటే ఆమెకి ప్రాణం. కిందటేడు ఆ దారిలోనే పడి భుజం విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ, ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ మీద బలం పెట్టకూడదన్నారు. అందుకే మోటారున్న సైకిల్. ఇక ఆ దారి మొదట్లో కార్లూ బైకులూ పోకుండా నడుమెత్తున ఒక కర్రగేటు పాతేశారు. సైకిల్‌వాళ్ళు ఎవరి సైకిల్ వాళ్ళు ఎత్తి అవతల పెట్టుకోవాల్సిందే.

"పడినప్పట్నుంచీ ప్రతి ఆదివారం అన్నయ్య నా వెనకే," అందామె. "సైకిల్ తనే ఎత్తుతాడు, తనే తోస్తాడు. నా నీళ్ళ సీసా మూత కూడా తనే తీస్తాడు. ఒంటరిగా వెళ్తానంటే షరతు పెట్టాడు. గేటు దగ్గర నా సైకిల్ నేనే దాటించాలి, ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు. అప్పుడు ఇక రాడట."

"దాటించలేకపోతే?"

"జన్మంతా తోకే."

మెకానిక్ ఫక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నవ్వకండి. ఆ కొండ మీద ఒక్కదాన్నే ఉంటే నాకు ఎంత బాగుంటుందో తెలుసా? ఏడాదైంది. నా భుజం పదహారు కిలోలదాకా ఒప్పుకుంటోంది. ఆ లోపు ఏదైనా ఉంటే చూపించండి."

అప్పట్నుంచీ వారం రోజులు, క్లినిక్ కట్టేయగానే ఆమె షాపులో ప్రత్యక్షం. ఆ షాపులో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి సైకిల్‌నీ కొక్కెం కాటాకి వేలాడదీసి, బరువు పలక మీద సుద్దముక్కతో రాస్తారు. మెకానిక్ వేలాడదీస్తాడు, ఆమె చదువుతుంది, ఇద్దరూ ఉసూరుమంటారు. ఇరవై ఒకటి. ఇరవై. పంతొమ్మిదిన్నర.

"మీ దవడకేమైంది?" అంది ఆమె ఒకరోజు, కాటా చూడటం మానేసి.

"ఏం కాలేదే."

"కుడివైపు కింద, చివర్నుంచి రెండోది. అవునా?"

"మీరు సైకిళ్ళు చూడండి డాక్టర్‌గారూ, నన్ను కాదు."

"భయమా?"

"భయమా! నాకా!" అని ఆరడుగుల మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె నవ్విన నవ్వుకి ఆ రాత్రి అతనికి పంటినొప్పి కూడా తెలియలేదు, నమ్మండి.

శనివారం ఒక ఆకుపచ్చ సైకిల్ వచ్చింది. డబ్బా విప్పి బిగించాడు. కొత్త బ్యాటరీ కదా అని లోపలి గదిలో చార్జింగ్ పెట్టాడు. అంతలోకే ఆమె రావడం, సైకిల్ పట్టుకోవడం, అది నడుము దాటి పైకి లేవడం జరిగిపోయాయి.

"లేచింది! చూశారా? లేచింది!"

వేలాడదీస్తే పదిహేను పాయింట్ తొమ్మిది. మెకానిక్ పెద్ద పెద్ద అంకెలతో పలక మీద రాశాడు. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ ముఖం చూస్తున్న మనిషికి లోపలి గదిలో బ్యాటరీ ఎందుకు గుర్తొస్తుంది?

ఆమె వెళ్ళిన గంటకి గుర్తొచ్చింది. బ్యాటరీ పెట్టి మళ్ళీ తూచాడు. పద్దెనిమిది పాయింట్ నాలుగు.

ఫోన్ తీశాడు. పెట్టేశాడు. మళ్ళీ తీశాడు. ఈ పాటికి వాళ్ళన్నయ్యకి చెప్పేసి ఉంటుంది, పొంగిపోతూ ఉంటుంది. రెండున్నర కిలోలే కదా, ఆ ఊపులో ఎత్తేస్తుందిలే అనుకున్నాడు. పిరికివాడు అంతకంటే ఏమనుకుంటాడు!

ఆదివారం తెల్లారి సన్నటి తుంపర. మెకానిక్ గేటు దగ్గరికి సైకిల్ తెచ్చిచ్చాడు. అన్నయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఊపిరి బిగపట్టి ఎత్తింది. సైకిల్ మోకాలిదాకా వచ్చి ఆగింది. మళ్ళీ ఎత్తింది. భుజం పట్టేసింది. మూడోసారి ప్రయత్నించేలోపు అన్నయ్య ఒంటిచేత్తో సైకిల్ తీసి అవతల పెట్టేశాడు.

"పర్లేదురా చెల్లాయ్. నేనున్నా కదా."

ఆమె అన్నయ్యని చూడలేదు. మెకానిక్‌ని చూసింది.

"నిన్న లేచింది కదండీ?"

అతను నీళ్ళు నమిలాడు. "నిన్న... అందులో బ్యాటరీ లేదండీ."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్న సాయంత్రమే."

"తెలిసీ చెప్పలేదా?"

"మీరు అంత సంతోషంగా ఉంటే..."

"మా అన్నయ్య ఒక్కడు చాలడనా, నా బదులు మీరూ ఆలోచించడం మొదలుపెట్టారు?" అందామె. "ఎత్తలేనందుకు కాదండీ నా ఏడుపు. సైకిల్ మీ షాపులోనే పెట్టుకోండి."

తుంపర కాస్తా వానైంది. ఆమె వెళ్ళిపోయింది. పడ్డ చెంపదెబ్బ కంటే పడనిదే గట్టిగా తగిలింది అతనికి.

ఆ వారమంతా మెకానిక్ ఆకుపచ్చ సైకిల్ ముందు కూర్చున్నాడు. టైర్లు మార్చాడు, సీటు మార్చాడు, పెడల్స్ మార్చాడు. ఎనిమిది వందల గ్రాములు దిగింది. ఇక ఒక్క గ్రాము కూడా దిగనని మొండికేసింది. శుక్రవారం ఉదయం వాచిన దవడ చేత్తో పట్టుకుని క్లినిక్‌కి వెళ్ళాడు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె మాస్కు పైనుంచి ఒక్క చూపు చూసింది. "నోరు తెరవండి."

తెరిచాడు.

"ఇప్పుడు సూది వేస్తాను. నొప్పి పుడుతుంది. పది అంకెలు లెక్కపెట్టుకోండి, తగ్గుతుంది."

నొప్పి పుట్టింది. పది లెక్కపెడితే తగ్గింది కూడా. పని అయ్యాక, మొద్దుబారిన దవడలో దూది పెట్టుకుని అతను కష్టపడి మాట్లాడాడు.

"మీరు చెప్పి చేశారు. నేనేమో చెప్పకుండా చేశాను. తప్పు నాదే. నిజం చెప్పడానికొచ్చాను. ఎంత తగ్గించినా పదిహేడు పాయింట్ ఆరు. పదహారుకి రాదు. ఇంక నా వల్ల కాదు."

ఆమె చేతులు కడుక్కుంటోంది. ఉన్నట్టుండి కుళాయి కట్టేసింది.

"ఆ రోజు నేను ఎత్తింది నిజమే కదా?"

"నిజమే. కానీ బ్యాటరీ లేదు కాబట్టి..."

"ఆ బ్యాటరీ తియ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎంతసేపండీ, తాళం తిప్పితే ఒక్క నిమి..."

అతని నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. దూది కింద పడింది. వారం రోజులు గ్రాములు గీకినవాడికి, పదేళ్ళుగా సైకిళ్ళు బిగిస్తున్నవాడికి, ఇంత చిన్న సంగతి తట్టలేదు! ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. అతను సగం దవడతోనే నవ్వాడు.

ఆదివారం మళ్ళీ గేటు. ఆమె తాళం తిప్పింది, బ్యాటరీ బయటికి లాగింది. తడి నేల మీద పెట్టబోయి ఆగి, దాన్ని మెకానిక్ చేతుల్లో పెట్టింది.

"సైకిల్ మీద మాత్రం చెయ్యి పడకూడదు."

"పడదు."

ఆమె ఎత్తింది. సైకిల్ నడుము దాటింది. ముందు చక్రం గేటు అంచుకి తగిలి ఆగింది. అన్నయ్య ఒక అడుగు ముందుకేశాడు.

"సార్, ఆగండి," అన్నాడు మెకానిక్. అతని చేతులు కూడా సైకిల్ కోసం లాగుతూనే ఉన్నాయి. బ్యాటరీని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. ప్రేమించిన మనిషికి సాయం చెయ్యకుండా ఉండటం అంత కష్టమని అతనికి ఆ క్షణమే తెలిసింది.

చక్రం అంచు దాటింది. సైకిల్ అవతలి మట్టిలో దిగింది. ఆమె కేక విని పక్క చెట్టు మీది పిట్టలన్నీ లేచిపోయాయి. అన్నయ్య కళ్ళు తుడుచుకుని, తుంపర పడిందని బుకాయించాడు. ఆ రోజు తుంపర లేదు.

"షరతు షరతే. ఇక నేను రాను చెల్లాయ్. ఆదివారాలు హాయిగా పడుకుంటా," అని మెకానిక్ వైపు తిరిగాడు. "నువ్వు కూడా ఆ సార్ సార్ అనడం మానెయ్యవయ్యా. బావగారూ అని పిలవడం నేర్చుకో, పనికొస్తుంది."

మెకానిక్ చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆమె అప్పటికే గేటు అవతలికి దూకేసింది. చెయ్యి చాచింది. అతను గేటు మీదుగా బ్యాటరీ అందించాడు. ఆమె దాన్ని సైకిల్లో పెట్టి తాళం తిప్పింది. అతను ఇవతలే నిలబడ్డాడు.

"మరి... ఒంటరిగా వెళ్ళొస్తారా?" అన్నాడు.

"వెళ్ళగలను," అందామె. అన్నయ్య సైకిల్ గేటుకే ఆనించి ఉంది. దానివైపు చూపించింది. "ఇవాళ వెళ్ళాలని లేదు. అది ఎత్తుకుని రండి. నేను చెయ్యి వెయ్యను."