బండల కింది టోకెన్

ఆషాఢ బుధవారం. పన్నెండు దాటి పది నిమిషాలు. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. ఆ వేళలో అండర్సన్‌పేటలో ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు. గోపాలప్ప పెరట్లో పని పొద్దున్నే మొదలైంది కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు. ఆఖరి బండను మాత్రం సరిగ్గా ఆ వేళకే ఎత్తారు.

గోపాలప్ప బంగారు గనిలో పైకప్పు కూలకుండా కొయ్యలు నిలబెట్టే పని చేస్తాడు. వయసు యాభై రెండు. ఎనిమిదేళ్ళ కింద ఆ ఇల్లు కొన్నాడు. వెనుక పెరట్లో పన్నెండు బండలు పరిచి ఉండేవి. పక్కన కరివేపాకు చెట్టు, రెండు మల్లె పాదులు. సాయంత్రం నీళ్ళు చల్లి అక్కడ కూర్చునేవాళ్ళు. భూమి లోపల రాయి పగిలినప్పుడల్లా పైన ఇళ్ళు ఊగుతాయి. కార్మికులు దాన్ని ఏర్ బ్లాస్ట్ అంటారు. అలా ఊగి ఊగి బండలు కుంగాయి, వాన నీళ్ళు నిలిచాయి, పాచి పట్టింది. జ్యేష్ఠంలో ఆయన భార్య నాగరత్న జారిపడింది. పాతవి తీసి కొత్తవి వేయించాలని గోపాలప్ప వారం సెలవు పెట్టాడు. కామసముద్రం నుంచి బండలు పరిచే ఆంజనప్ప వచ్చాడు.

పన్నెండో బండ కింద ఇసుక లేదు. బొగ్గు పొడి ఉంది. పొడిలో తగరపు డబ్బా, డబ్బాలో వెంట్రుకలు చుట్టిన ఇత్తడి బిళ్ళ. ఆంజనప్ప డబ్బాను గడ్డపార కొనతో పక్కకు జరిపాడు. చేత్తో ముట్టలేదు.

గోపాలప్ప ముట్టాడు. అది గని టోకెన్. గనిలోకి దిగే మనిషి టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర తన నంబరు పైకి చెప్పి టోకెన్ తీసుకుని మెడలో వేసుకుంటాడు. పైకి వచ్చాక అదే కిటికీలో ఇస్తాడు. గుమాస్తా దాన్ని మేకుకు తగిలించి పుస్తకంలో టిక్కు పెడతాడు. టోకెన్ తిరిగి రాకపోతే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు లెక్క. టోకెన్ దొరికితే తీసుకెళ్ళి ఇవ్వడం గనివాడికి అలవాటు. గోపాలప్ప వెంట్రుకలు లాగేసి, బిళ్ళను పంచె అంచుతో తుడిచాడు. నంబరు అరిగిపోయింది. ఆయన కళ్ళకు ఆనలేదు.

నాగరత్న మజ్జిగ చెంబులు తెచ్చింది. ఆయన బిళ్ళను ఆమె అరచేతిలో పెట్టి నంబరు చదవమన్నాడు. ఆమె వెలుతురుకు తిప్పి పైకి చదివింది.

“పదకొండు నలభై ఏడు.”

ముప్పై ఏళ్ళుగా ఆయన రోజూ కిటికీ దగ్గర చేస్తున్న పని అదే. చేతికి టోకెన్, నోటితో నంబరు, ఆ తర్వాత దిగడం. ఆ సంగతి ఆయనకు అప్పుడు తోచలేదు.

నాగరత్న గుప్పిట మూసింది. మళ్ళీ తెరవలేదు.

ఆ సాయంత్రం దగ్గు మొదలైంది. గురువారం తెల్లవారేసరికి ఆమె గోళ్ళలో నల్లని రాతి పొడి. పని చేయని అరచేతి మీద బొబ్బలు. వంటింటి మూల మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తల పైకెత్తదు, పైన ఏదో తగులుతుందన్నట్టు. వాన పడుతున్నా ఉక్క అంటుంది. ఉన్నట్టుండి పిడికిలితో గోడ మీద మూడుసార్లు కొట్టి, ఆగి, వింటుంది... మళ్ళీ మూడు. గనిలో ఇరుక్కున్నవాళ్ళు అలాగే కొడతారు. షిఫ్టు మారే సైరన్‌ను అక్కడ సంగు అంటారు. అది మోగినప్పుడల్లా లేచి నిలబడుతుంది. అది ఆగగానే కూలబడుతుంది.

డాక్టరు వచ్చి ఛాతీ విన్నాడు. ఈమె ఎన్నేళ్ళు గనిలో పనిచేసిందని అడిగాడు. ఆడవాళ్ళు గనిలోకి దిగరని గోపాలప్ప అన్నాడు. డాక్టరు మళ్ళీ విన్నాడు. ఇది ఇరవై ఏళ్ళు దుమ్ము పీల్చిన ఊపిరి అన్నాడు. ఇలా ఉంటే ఆదివారం దాటదన్నాడు.

పక్కింటి చిన్నక్క శుక్రవారం మారికుప్పం వెళ్ళి మంత్రగాడు ఆవులప్పను పిలుచుకొచ్చింది. చేతబడి చేసేవాడికే దాన్ని తీయడం తెలుస్తుందని ఆమె నమ్మకం. ఆవులప్ప పేరు చెబితే స్టేషను వెనుక వీధుల్లో తలుపులు మూసుకునేవాళ్ళు. ఎవరి పేరు చెప్పి నిమ్మకాయ కోస్తే వాళ్ళు తొమ్మిది రోజులు బతకరని వాడుక. అలా పోయినవాళ్ళు ఐదుగురని చిన్నక్క లెక్క. ఆ ఐదుగురూ మన్ను కక్కి పోయారు.

ఆవులప్ప ముందు పెరటిలోకి వెళ్ళాడు. పన్నెండో బండ ఉండిన చోటు చూశాడు. తర్వాతే నాగరత్నను చూశాడు. ఆమె ఆయన్ని చూసి గోడకు అంటుకుపోయింది. గొంతులోంచి మగవాడి మాట వచ్చింది.

“కొయ్య తియ్యొద్దన్నా... నేను ఇంకా ఈ పక్కనే ఉండాను.”

ఆవులప్ప వినిపించుకోనట్టు దారం తీశాడు. తల నుంచి పాదం దాకా ఆమెను కొలిచి ముడి వేశాడు. రేపు అమావాస్య అన్నాడు. రెండు గంటల సంగు మోగకముందే కొత్త బండలు పడాలి. వాటి కింద ఈ దారమంత పొడవు గుంత తీయాలి. టోకెన్ ఎక్కడిది అక్కడికే పోవాలి.

“ఇంత పొడుగు గుంత ఎందుకప్పా? బిళ్ళ కదా పూడ్చేది?” అన్నాడు ఆంజనప్ప.

“బండలు పరిచేది నీ పని. కింద ఏముండాదో చూసేది నా పని. పదకొండు నలభై ఏడు ఊరికే పోదు.”

ఆవులప్ప వెళ్ళిపోయాక గోపాలప్పకు ఆ మాట తట్టింది. బిళ్ళ సంగతి చిన్నక్కకు చెప్పాడు. నంబరు ఎవరికీ చెప్పలేదు.

శనివారం పొద్దున పదకొండుకు గోపాలప్ప టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర ఉన్నాడు. గుమాస్తా వెంకటేశయ్య మరో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. నంబరు వినగానే పెన్ను కింద పెట్టాడు. లోపలి బీరువాలోంచి పద్దెనిమిదేళ్ళ కిందటి పుస్తకం తీశాడు. పేజీ వెతకనక్కర లేకపోయింది. అక్కడ దారం పెట్టి ఉంది.

ఆ రోజు కిటికీలో ఉన్నది ఆయనే. రాయి పగిలి నలుగురు ఇరుక్కున్నారు. ఇద్దరు శవాలై వచ్చారు. ఒకడు ఇంకో దారిలో పైకి ఎక్కి, టోకెన్ ఇవ్వకుండా ఇంటికి పరిగెత్తాడు, మళ్ళీ పనిలోకి రాలేదు. నాలుగోవాడు వెంకటరామప్ప, పదకొండు నలభై ఏడు. అతను దొరకలేదు. పరిగెత్తినవాడు ఆవులప్ప. ఇప్పుడు గోపాలప్ప ఉంటున్న ఇంట్లోనే అప్పట్లో ఆవులప్ప బాడుగకు ఉండేవాడు.

“పైకి వచ్చేటప్పుడు వెంకటరామప్ప మెడలోది తెంపుకొచ్చినాడు,” అన్నాడు గోపాలప్ప. “చచ్చినోణ్ణి పద్దెనిమిదేళ్ళు షిఫ్టులోనే పెట్టుకుని పని చేయించుకున్నాడు. ఇప్పుడు నా భార్యను ఆ నంబరుకు దించుతాడు. మీరు టోకెన్ తీసుకుని టిక్కు పెట్టండి సామీ.”

“తెచ్చినావా?”

“అది ఆమె గుప్పిట్లో ఉండాది. తీసుకున్న చెయ్యే ఇవ్వల్ల కదా.”

“అవును. అది రూలు. ఈ కిటికీలోనే ఇవ్వల్ల, అదీ రూలే. ఆడమనిషిని గని గేటు లోపలికి రానీరు, నీకు తెలుసు.”

“అట్లయితే కిటికీని మా ఇంటికి తీసుకురండి.”

వెంకటేశయ్య పుస్తకం మూశాడు. ఒంటిగంటకు కిటికీని తోటి గుమాస్తాకు అప్పగించి, పుస్తకం చంకలో పెట్టుకుని, మేకుల పలకను గోపాలప్ప సైకిలు వెనక కట్టించాడు.

వాళ్ళు చేరేసరికి ఒకటీ నలభై. మబ్బు కిందికి దిగింది. ఉరుము లేదు, గాలి లేదు. గుంత సిద్ధంగా ఉంది, నడుము లోతు, దారమంత పొడవు. తల వైపు అంచు మీద మనిషి పుర్రె, దాని చుట్టూ కోసిన నిమ్మకాయలు, తలలేని నల్లకోడి. ఆవులప్ప గుంతలో నిలబడి మంత్రం చదువుతున్నాడు. నాగరత్న అంచున పడుకుని ఉంది. కాళ్ళు అప్పటికే గుంతలోకి వేలాడుతున్నాయి. ఛాతీ కదలడం తెలియడం లేదు. ఆంజనప్ప మొదటి బండను నిలువుగా పట్టుకుని ఉన్నాడు.

“నేను వదలలేదన్నా,” అన్నాడు గోపాలప్పను చూసి. “కానీ పట్టుకోలేకుండా ఉండాను.”

“ఒక్క అడుగు వేసినా నీ ఇంట్లో దీపం పెట్టేదానికి మనిషి మిగలరు,” అన్నాడు ఆవులప్ప. ఆమె పాదాలు పట్టి లాగాడు.

గోపాలప్ప అడుగు వేయలేదు. వంటింటి కిటికీ పెరటి వైపు తెరుచుకుంటుంది. వెంకటేశయ్య లోపలికి వెళ్ళి ఆ కిటికీ వెనుక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పలకను గోడకు ఆనించాడు, పుస్తకం తెరిచాడు. ముప్పై ఐదేళ్ళుగా రోజుకు వందలసార్లు అన్నట్టే, ఎటూ చూడకుండా, చెయ్యి బయటికి చాపి అన్నాడు:

“నంబరు చెప్పు.”

నాగరత్న కళ్ళు తెరిచింది. పాదాలు ఆవులప్ప చేతుల్లోంచి జారాయి. లేచి నడిచింది, పనివాడి నడక, భుజాలు వంచి. కిటికీ ముందు వరుసలో ఎవరో ఉన్నట్టు ఒక్క క్షణం ఆగింది.

“పదకొండు నలభై ఏడు,” అంది మగగొంతుతో.

“పేరు?”

“వెంకటరామప్ప.”

గుప్పిట తెరుచుకుంది. వెంకటేశయ్య బిళ్ళ తీసుకుని మేకుకు తగిలించాడు. టిక్కు పెట్టాడు.

“పైకి వచ్చినట్టు రాసుకున్నానప్పా. ఇంగ ఇంటికి పో.”

ఆమె పడిపోతుంటే గోపాలప్ప పట్టుకున్నాడు. ఆమె నోట్లోంచి నల్లని నీళ్ళు పడ్డాయి. తర్వాత శ్వాస వచ్చింది, ఆమెదే.

ఆవులప్ప గుంతలోంచి ఎక్కబోతున్నాడు. వెంకటేశయ్య వేలు పేజీలో కింది వరుస మీద ఉంది.

“పదకొండు నలభై ఎనిమిది. ఆవులప్ప. దిగినట్టు ఉండాది. వచ్చినట్టు లేదు.”

“నేను పైనే ఉండాను కదా!”

“పుస్తకంలో లేదప్పా.”

రెండు గంటల సంగు మోగింది. దాని వెంటే నేల ఊగింది. ఏర్ బ్లాస్ట్ ఎప్పుడూ ఒక్క దెబ్బ. ఇది ఆగలేదు. ఇంట్లో గిన్నెలు రాలాయి, పెంకులు జారాయి, పుర్రె రెండుగా చీలింది. ఆంజనప్ప బండను వదిలి వెనక్కి పడ్డాడు. గుంతలోంచి ఒక అరుపు లేచింది... కిందికి, ఇంకా కిందికి పోతూ సన్నబడింది.

దుమ్ము తగ్గాక చూశారు. గుంత నడుము లోతే ఉంది. అడుగున గట్టి మన్ను, పగులు లేదు. మర్నాడంతా ఇరుగుపొరుగు కలిసి పన్నెండు అడుగులు తవ్వారు. మనిషి లేడు, గుడ్డ పీలిక లేదు.

మంగళవారం మధ్యాహ్నానికి ఆంజనప్ప గుంత పూడ్చి, ఇసుక పరిచి, పన్నెండు కొత్త బండలు వేశాడు. నీళ్ళు పోసి వాలు చూసుకున్నాడు. ఎక్కడా నిలవలేదు. భోజనానికి ఉండమంటే ఉండలేదు.

అతను వెళ్ళాక ఎండ కాసింది. గోపాలప్ప బండల మీద నిలబడ్డాడు. అరికాళ్ళకు తెలిసింది. కింద, చాలా లోతున, మూడు దెబ్బలు. విరామం. మూడు దెబ్బలు. కొయ్యలు నిలబెట్టేవాడికి ఆ చప్పుడు వేరే చెప్పక్కర్లేదు. గడ్డపార కోసం వంగాడు.

నాగరత్న చేటలో ఎండుమిరపకాయలు తెచ్చి బండ మీద కుమ్మరించింది.

“గడ్డపార తాకొద్దు,” అంది. “ఈ ఒక్క రాత్రే కొడతాడు. రేపటికి చెయ్యి లేవదు.”

“నీకెట్లా తెలుసు?”

“వెంకటరామప్ప మూడు రోజులు కొట్టినాడు. నేను పక్కనే ఉండినాను.”

ఆమె వంగి, మిరపకాయలను రెండు చేతులతో బండంతా పరిచింది.