ఇద్దరి పేర్ల ఈమెయిల్

లోమ్ ఊరి మీద, డాన్యూబ్ నది ఒడ్డున, జనవరిలో పొగమంచు దిగిందంటే ఇక లేచే పని పెట్టుకోదు. ఆ గురువారం కూడా అంతే. మధ్యాహ్నం రెండయినా వీధిలో అవతలి గుమ్మం కనబడటం లేదు. వెనెటా వంటింట్లో కూర్చుని ఎవరిదో పాత కోటుకి లోపలివైపు కొత్త అస్తరు కుడుతోంది. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. మూలనున్న పీపాలోంచి ఊరేసిన క్యాబేజీ పులుపు వాసన వస్తోంది. బల్ల మీద పాత కంప్యూటరు తెరిచి ఉంది. దాని మీద ఒకే ఒక్క మాట.

"ఈ ఖాతా ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలకు శాశ్వతంగా మూతపడుతుంది. మనసు మార్చుకుంటే లోపలికి రండి."

"రాను," అంది వెనెటా పైకే, దారం పళ్లతో తెంపుతూ.

ఆ ఈమెయిల్ ఆమె మొగుడు మెతోడి తెరిచింది. ఇరవై ఏళ్ల కిందటి మాట. వెనెటా, మెతోడి, రెండు పేర్లూ కలిపి ఒకే చిరునామా. మొగుడూ పెళ్లాలకి రెండు పెట్టెలెందుకు, దాచుకునేదేముంది అన్నాడు. దాచుకున్నది ఆయనే. వెనెటా అక్క రోసిత్సా ముసలివాళ్లకి సేవ చేసే పని దొరికి ఇటలీలో బారీ నగరానికి వెళ్లింది. అక్కణ్నుంచి రాసిన ప్రతి ఉత్తరాన్నీ ముందు ఆయన చదివి, తుడిచేసి, వెనెటా పేరుతో ఆయనే జవాబు రాశాడు. నీ మొహం చూడాలని లేదని. ఫోన్లు చెయ్యొద్దని. పదకొండేళ్లు అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. వెనెటా మటుకు, అక్క డబ్బు చూసుకుని మారిపోయిందనుకుని కుళ్లి కుళ్లి ఏడ్చింది.

మెతోడి పోయి పద్నాలుగు నెలలు. ఆయన పోయిన పది నెలలకి, తన పేరుతో ఆయన రాసిన జవాబులన్నీ ఆమె కంటబడ్డాయి. ఆ రోజు ఆయన ఫొటో తిప్పి గోడకేసి పెట్టింది. వెంటనే అక్కకి ఫోన్ చేసింది. రోసిత్సా అంతా విని, మెల్లగా అడిగింది.

"మీ ఆయన పోయి పది నెలలయిందంటున్నావు. మరి మొన్న ఆదివారం నాకు ఉత్తరం రాసిందెవరే?"

వెనెటా చూపు గోడకేసి తిప్పి పెట్టిన ఫొటో మీదికి పోయింది.

"ఆ చిరునామా బతికుండగా నువ్వు నువ్వేనని నేనెట్లా నమ్మనే వెనీ?" అంది రోసిత్సా. "ముందు దాన్ని మూసెయ్. తర్వాత రా. మంచం వేసి ఉంచుతాను."

మూయడం తేలికే. అడిగాక నలభై రోజులు ఆగాలి, అంతే. ఈలోగా ఎవరైనా పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళితే, అడిగినది రద్దయిపోతుంది. పాస్‌వర్డ్ మార్చింది వెనెటా, అది తెలిసింది ఆమె ఒక్కదానికే. అయినా రెండుసార్లు రద్దయింది. మొదటిసారి ముప్పై ఒకటో రోజున ఫోను తెర మీద కబురు వెలిగింది, పాత చిరునామాకి రోసిత్సా ఉత్తరం వచ్చిందని. రెండోసారి ముప్పై ఎనిమిదో రోజున, రోసిత్సా ఆసుపత్రిలో ఉందని. రెండుసార్లూ వెనెటా పరుగున వెళ్లి తెరిచింది. రెండుసార్లూ లోపల అలాంటి ఉత్తరమేదీ లేదు. ఇది మూడో నలభై. ఈ రోజే ఆఖరు.

పక్కింటి పేనా పిన్నికి ఇదంతా తెలుసు. మొన్ననే గుమ్మంలో నిలబడి చీవాట్లు పెట్టింది.

"వాడు పోయిన నలభయ్యో రోజున గోధుమలు ఉడకబెట్టి పంచావా? గ్లాసుడు మంచినీళ్లు పెట్టావా? మరి వాడెట్లా పోతాడే?"

"ముప్పై ఏళ్లు వడ్డించాను పిన్నీ. పోయాక కూడా నేనేనా?"

"చావు కాగితమైనా వేయించావు, అదే నయం."

అది నిజమే, అది మాత్రం వేయించింది. ఆ ఊళ్లో మనిషి పోతే ఫొటోతో, నల్ల అంచుతో కాగితం అచ్చేయించి గేటు మీద, స్తంభాల మీద అతికిస్తారు. నలభయ్యో రోజుకొకటి, ఆర్నెల్లకొకటి, ఏడాదికొకటి. వెనెటా మొదటి కాగితం ఫొటో అచ్చు దుకాణానికి ఆ ఇద్దరి పేర్ల చిరునామా నుంచే పంపింది. అప్పటికి ఆమెకి వేరే చిరునామా లేదు మరి.

రెండున్నరకి ఫోన్ మోగింది. అచ్చు దుకాణం ఇలియా.

"వెనెటా గారూ, కాగితాలు సిద్ధం. వచ్చి తీసుకెళ్తారా?"

"ఏం కాగితాలు?"

"పొద్దున తొమ్మిదింటికి మీరే కదా పంపారు."

ఆమె కోటు వేసుకుని బయటపడింది. మంచులో బొగ్గుపొగ కలిసి గొంతు గీరుకుపోతోంది. వీధి పొడుగునా గోడల మీద పోయినవాళ్ల మొహాలు తడిసి వేలాడుతున్నాయి. నాలుగిళ్లు దాటేసరికి వెనక అడుగుల చప్పుడు వినబడింది. ఆగింది. అదీ ఆగింది. ఆమె తిరిగి చూడలేదు, నడక కూడా పెంచలేదు.

దుకాణంలో సిరా వాసన, జిగురు వాసన. ఇలియా కట్ట తీసి బల్ల మీద పెట్టబోయి, పై కాగితం మొదటిసారి సరిగ్గా చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఫొటోలో వెనెటా ఉంది. ఆకుపచ్చ స్వెట్టరు, వంచిన తల, చేతిలో సగం కుట్టిన అస్తరు. ఆ అస్తరు ఆమె ఈ మధ్యాహ్నం భోజనమయ్యాకే మొదలుపెట్టింది. ఫొటో తీసింది బల్లకి అవతలివైపు నుంచి. అక్కడ ఉండేది మెతోడి కుర్చీ.

కింద ఇలా ఉంది. "వెనెటా కామెనోవా, యాభై ఎనిమిదేళ్లు. గురువారం సాయంత్రం నాలుగు గంటలకు మనల్ని విడిచిపోయింది. దుఃఖంతో, భర్త మెతోడి."

"చిరునామా చూశాను... మొహమూ పేరూ చూళ్లేదు," అన్నాడు ఇలియా గుసగుసగా. "మీ ఈమెయిలే కదా అని..."

"రద్దు చెయ్."

"ఏ చిరునామా నుంచి వస్తే అక్కణ్నుంచే రద్దు చెప్పాలండీ. చావు కాగితాల్లో మా పద్ధతది. లేకపోతే బంధువులొచ్చి కొట్టుకుంటారు. ఇదిగో కంప్యూటరు. లోపలికెళ్లి ఒక్క ముక్క రాయండి, చింపి పారేస్తాను."

ఆమె కూర్చుంది. వేళ్లు మీటల మీదికి వెళ్లాయి. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది. అప్పుడు తెలిసింది ఆమెకి, ఇదంతా ఎందుకో. ఎవరూ లోపలికి వెళ్లలేదు. వెళ్లి ఉంటే గడువు రద్దయ్యేది. లోపలున్నవాడు లోపలి నుంచే రాశాడు. ఇప్పుడు ఆమెని లోపలికి పిలుస్తున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎన్ని అచ్చేశావు?" అని అడిగింది లేస్తూ.

"ఇరవై."

"అన్నీ ఇవ్వు. కాస్త జిగురు కూడా."

తన గేటు ముందు నిలబడి, సంచిలోంచి కత్తెర తీసి, ఒక్కో కాగితం కింద భర్త పేరున్న వరసని కత్తిరించి మురిక్కాలవలో పడేసింది. మిగిలినవి అతికించింది. గేటుకి, స్తంభానికి, గుమ్మం తలుపుకి. తన మొహాన్ని తనే అరచేత్తో నొక్కి నొక్కి సాపు చేసింది. పేనా పిన్ని చూసి గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

"బతికుండగా నీ కాగితం నీ చేత్తో అతికిస్తావా? తియ్యవే తల్లీ. ఆ పేరింక నీది కాకుండా పోతుంది."

"భయపెడదామని రాయించాడు పిన్నీ. నేను భయపడటం లేదని చదువుకోనీ."

"నలభై రోజులు దాటాక పోయినవాళ్లకి కోపం రాదే. ఆకలేస్తుంది," అంది పేనా, తలుపు వేసుకుంటూ.

ఇంట్లోకి వచ్చేసరికి మూడూ నలభై. గింజలు మాడాయి. ఆ మాడు వాసన వెనక ఇంకో వాసన ఉంది. నిమ్మ అత్తరు, తడి పొగాకు. మెతోడి గడ్డం గీసుకున్న రోజు వాసన. ఎదురు కుర్చీ బల్లకి జానెడు దూరం జరిగి ఉంది. వెనెటా తన కుర్చీలోనే కూర్చుంది.

టక్.

కంప్యూటరు మీట ఒకటి దానంతటదే దిగింది. టక్... టక్... పాస్‌వర్డ్ గడిలో చుక్కలు పడుతున్నాయి. ఐదు. ఆరు. ఏడు. తప్పు అంది తెర. మళ్లీ మొదలు. ఆమె పుట్టిన రోజు కొట్టాడు కాబోలు. పెళ్లి రోజు కాబోలు. అన్నీ తప్పే.

"నీకు తెలిసిన ఏ రోజూ కాదది," అంది వెనెటా.

టకటక ఆగిపోయింది. ఫోను వెలిగింది. రోసిత్సా నుంచి ఒక కొత్త ఉత్తరం. మళ్లీ వెలిగింది. రెండు. పది. నలభై. ఆగకుండా పెరిగి నూట పన్నెండు దగ్గర నిలిచింది.

చెవి పక్కనే ఊపిరి... చల్లగా.

"తుడిచెయ్యలేదు, వెనెటా... దాచాను. అన్నీ ఇక్కడే ఉన్నాయి. మీ అమ్మ పోయినప్పుడు మీ అక్క రాసింది కూడా... నాలుగు దాటితే ఇక దొరకవు. ఒక్కసారి తెరువు..."

అప్పుడు ఏడ్చింది వెనెటా. ఆ ఉత్తరాలు ఆమెకి కావాలి. పదకొండేళ్ల అక్క అందులో ఉంది. చెయ్యి దానంతటదే బల్ల మీదికి పాకింది. రెండో చేత్తో దాన్ని పట్టి వెనక్కి లాగి, ఒళ్లో పెట్టుకుని బిగించింది.

"మా అక్క బతికే ఉంది. అందులో ఏం రాసిందో తన నోటితోనే చెబుతుంది. నువ్వు నలిపిన కాగితాలు నాకొద్దు. ఇరవై ఏళ్లు నా పేరుతో బతికావు. చాలు, ఇక నీ దారిన నువ్వు పో."

ఎదురు కుర్చీ కిర్రుమంది. బల్ల అదిరింది. కిటికీ అద్దం మీద తడి పరుచుకుంది... దీపం సన్నగిల్లింది... ఆమె రెప్ప వేయలేదు. మూడూ యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. గడియారం నాలుగు కొట్టింది.

తెర తెల్లబడింది. "ఇటువంటి చిరునామా లేదు."

వాసన పోయింది. కుర్చీ మామూలు కుర్చీ. వెనెటా పిచ్చిదానిలా నవ్వుకుంది. మాడిన గిన్నెలో నీళ్లు పోసింది. మొహం కడుక్కుంది. పావుగంటకి ఫోను తీసి బారీకి కలిపింది. అవతల గిన్నెల చప్పుడు, కాఫీ మరిగే చప్పుడు.

"అక్కా, మూసేశాను. అయిపోయింది."

"ఎవరండీ?"

"నేనే. వెనీని."

రోసిత్సా గొంతు కటువుగా మారింది.

"ఇంకా ఎన్నాళ్లండీ ఈ ఆటలు? మా చెల్లెలు ఇప్పుడే వచ్చింది. ఇదిగో నా ఎదురుగా కూర్చుని రొట్టె తింటోంది. పాపం ఎన్నాళ్లయిందో తిని."

ఆ పేరింక నీది కాకుండా పోతుందన్న పేనా పిన్ని మాట వెనెటాకి గుర్తొచ్చింది. కోటు అందుకుంది, ఒక చెయ్యి తొడిగింది.

"అక్కా... దానికి ఫోనివ్వు."

అవతల ఫోను చేతులు మారింది. నమలడం ఆగింది. ఎవరో తాపీగా మింగారు.

"విను," అంది వెనెటా. "నువ్వెవరైనా సరే, రాత్రి బండికి నేను బయలుదేరుతున్నాను. ఆ కుర్చీ నాది. ఆ అక్క నాది. వచ్చి నిన్ను లేపుతాను."

"రండి," అంది అవతలి గొంతు. అది వెనెటా గొంతే. అలిసిపోయి, మెత్తగా, మర్యాదగా ఉంది. "ఏం పేరు చెప్పుకుని వస్తారు?"