బ్రేక్ రానీ అత్తా

పిల్లలూ, మీ చేతిలోని ఫోన్‌లో ప్రకటన వస్తే అయిదు సెకన్లు ఓర్చుకుని వేలితో తోసేస్తారు. ఒకప్పుడు అలా కుదిరేది కాదు. టీవీలో ప్రకటనలు మొదలైతే చాలు, ఇంట్లో అందరికీ అప్పుడే పనులు గుర్తొచ్చేవి. ఇది ఆ రోజుల్లోని ఒక దర్జీ కథ. ఇన్నాళ్లూ మీకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చివరికి మీకే తెలుస్తుంది.

ఆ దర్జీని పెంచింది మేనత్త. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కోటు కత్తిరించడం దాకా అన్నీ ఆవిడే నేర్పింది. గుండెజబ్బుతో మంచాన పడ్డాక వెనకగదిలో ఉండేది. గట్టిగా పిలిచే ఓపిక లేక, వేలికున్న ఇత్తడి తొడుగుతో స్టీలు గ్లాసు మీద కొట్టేది. టంగ్... టంగ్... టంగ్. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగది. పని మానేసినా తీయలేదు.

దర్జీకి సాయంత్రం ఏడింటి సీరియల్ అంటే ప్రాణం. గ్లాసు మోగితే, "బ్రేక్ రానీ అత్తా!" అని కూర్చున్నచోటి నుంచే అరిచేవాడు.

రానురాను ఆవిడే బ్రేకులకు అలవాటు పడింది. గోడవతల సబ్బు ప్రకటన పాట వినపడ్డాకే గ్లాసు కొట్టేది. మంచినీళ్లు, మాత్ర, దిండు సర్దడం అన్నీ ఆ మూడు నిమిషాల్లోనే.

"ఏరా దొరా, సబ్బులమ్మేవాళ్లు దయతలిస్తేగానీ నీ మొహం కనపడదా?" అని నవ్వేది. అతనూ నవ్వేవాడు.

సీరియల్ చివరి భాగం గంటసేపు, ఒక్క విరామం కూడా లేకుండా వేస్తామని వారం ముందు నుంచీ ఊదరగొట్టారు. దర్జీ సంబరపడిపోయాడు. ఆ సంగతి అత్తకు చెప్పాలని మాత్రం తోచలేదు.

మొదలైన పావుగంటకు గ్లాసు మోగింది.

"బ్రేక్ రానీ అత్తా!"

"సరేరా..." సన్నగా వినిపించింది. "బ్రేక్‌లోనే రా."

మళ్లీ మోగలేదు.

అంతా అయ్యాక వెళ్లాడు. మాత్రల డబ్బా మంచం పక్కన నేలమీద పడి ఉంది. దానికోసం జారిన అత్త చెయ్యి దానికి జానెడు ఎత్తులో ఆగిపోయి ఉంది. కళ్లు తలుపు వైపే.

అతను డబ్బా తీసి అలమరలో పెట్టాడు. ఆ చేతిని దుప్పటిలోకి సర్దాడు. ఆ తర్వాతే నలుగురినీ పిలిచాడు.

"నిద్రలోనే పోయిందా బాబూ? పుణ్యాత్మురాలు," అంది మేడమీది టీచరమ్మ.

"అవునండీ," అన్నాడు.

తొడుగు వేలికే ఉంచి ఆవిడని సాగనంపారు.

నెల తర్వాత, ముసురు పట్టిన ఒక సాయంత్రం టీవీ పెట్టాడు. ఇల్లంతా తడిగోడల వాసన. దాంట్లో కలిసి, ఎక్కణ్నుంచో, కుట్టుమిషను నూనె వాసన... అత్త చేతుల వాసన. బ్రేక్ వచ్చింది. సబ్బు పాట మొదలైంది.

టంగ్... టంగ్... టంగ్.

వెనకగదిలోకి వెళ్లాడు. ఖాళీ గది. మంచం ఎప్పుడో తీసేశారు. కిటికీలో గ్లాసు ఒక్కటే ఉంది. ముట్టుకున్నాడు.

ఇంకా వణుకుతోంది...

"అత్తా..."

చెవి పక్కనే గుసగుస.

"బ్రేక్ అయిపోతుందిరా... వెళ్లి చూసుకో."

ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బావుండేది.

టీవీ ఎవరికో ఇచ్చేశాడు. ఆ ఊరే వదిలి చాలా దూరం వచ్చేశాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. వాళ్లు "నాన్నా" అనేలోపే చేతిలో పని పడేసి పరిగెత్తుతాడు. నాన్నకు చాదస్తమని వాళ్లు నవ్వుతారు.

నిన్న మీరిద్దరూ ఫోన్‌లో బొమ్మలు చూస్తుంటే మధ్యలో ప్రకటన వచ్చింది. చిన్నది తలెత్తి, "నాన్నా, గ్లాసు ఎవరు కొట్టారు?" అంది.

మనింట్లో స్టీలు గ్లాసు ఒక్కటి కూడా లేదు. నేను కొననివ్వలేదు.

అందుకే సిగ్గు చంపుకుని చెప్పాను. మీ పిల్లలకు మీరూ చెప్పండి. ఆవిడ నిద్రలోనే పోయిందని మాత్రం చెప్పకండి.