ఏడుపు బావి

సౌదీలో, రియాద్ బయట తువైక్ కొండల కింద ఒక రాళ్ల బావి ఉంది. నీళ్లు ఎండిపోయి ఎన్నేండ్లయిందో ఎవరికీ తెలీదు. పక్కన ఒంటి తుమ్మచెట్టు. రియాద్‌లో మన కడప దిక్కు డ్రైవర్లు దాన్ని ఏడుపు బావి అంటారు. మగ్రిబ్ నమాజు దాటి చీకటి పడినాక ఆడ చంటిబిడ్డ ఏడుపు ఇనబడుతుందంట. ఆడ బండి ఆపగూడదంట. ఆపినా దిగగూడదు. దిగినా... ఆ బావిలోకి మాత్రం తొంగి చూడగూడదు.

శుక్రవారం పూట బతా బజారు మెస్సుల్లో మగోళ్లు చేరితే ఈ మాట వచ్చి తీరాల్సిందే. మా ఆయన ఇంటికొచ్చి చెప్తే నేను నవ్వేదాన్ని. మాబున్నీ చెప్పినాక నవ్వడం మానేసినా.

మాబున్నీది రాయచోటి పక్కన పల్లె. వాళ్లాయన ముస్తాక్ ఈడ ఏసీ మెకానిక్కు. ఈమె మూడు నెలల విజిట్ వీసా మీద వచ్చి మా పైగదిలో ఉండింది. ఊరికి పోయే ముందురోజు మా వంటింట్లో కూర్చుని, ఉల్లిపాయలు తరుగుతా తరుగుతా నాకీ సంగతి చెప్పింది.

వాళ్లకు ఊర్లో ఒక కొడుకు పుట్టినాడు. తొమ్మిది దినాలుండి పోయినాడు. అప్పుడు ముస్తాక్ ఇకామా, ఈడ ఉండనిచ్చే కార్డు, రెన్యూ కాకుండా కంపెనీలో పడి ఉంది. ఇకామా లేనిదే ఊరికి పోయి మళ్లా వచ్చే రీఎంట్రీ కాగితం రాదు. రీఎంట్రీ లేనిదే విమానం ఎక్కనీరు. అది చేతికొచ్చేసరికి బిడ్డను మట్టి చేసి పన్నెండు దినాలయింది. ఇంకెవర్ని చూడ్డానికి పోయేదని ముస్తాక్ పోనేలేదు. వాని దగ్గర ఉండేది ఫోన్‌లో ఒక్క ఫోటో. తువ్వాలు చుట్టిన బిడ్డ, కండ్లు మూసుకుని.

ఏడాది గడిచినాక పెళ్లాన్ని పిలిపించుకున్నాడు. వచ్చి నెల దాటినా ఇద్దరిలో ఒక్కరూ బిడ్డ మాట ఎత్తలేదంట. ఉప్పు చాలిందా, కారం ఎక్కువైందా... అంతే మాటలు.

ఒక రోజు ఆమె కిటికీ దగ్గర నిలబడి, "ఈ ఊరికి కొండలే లేవా?" అనింది. రాయచోటిలో యా దిక్కు చూసినా కొండే కదా. ఆ మాట పట్టుకుని ముస్తాక్ శుక్రవారం స్నేహితుని పాత కారు అడుక్కొచ్చినాడు. దారి చూపేటోడు లేడు, తోడు బండి లేదు. ఫోన్‌లో మ్యాపు, రెండు క్యాన్ల నీళ్లు, డబ్బాలో చిత్రాన్నం. జుమ్మా నమాజు కాంగానే బయల్దేరినారు.

నగరం దాటి గంటన్నర. తారు రోడ్డు అయిపోయింది, రాళ్ల దారి మొదలైంది. కొండ అంచున నిలబడితే కింద నేల... సముద్రం ఇంకిపోయినట్టు కనుచూపు మేర పరుచుకుని ఉందంట. మాబున్నీ ఒక బండ మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"చెట్లు లేవు గానీ, కొండే," అనింది.

ముస్తాక్ నవ్వినాడు. ఆమె ఈ దేశం వచ్చినాక వాని నవ్వు చూడ్డం అదే మొదలు.

తిరుగుదారిలో ఫోన్ సిగ్నల్ పోయింది. మ్యాపు ఒక్కచోటే నిలబడిపోయింది. ఎవరివో చక్రాల జాడలు కనబడితే అవి పట్టుకుని పోయినారు. ఆ జాడలు వాళ్లను కొండ చుట్టూ తిప్పి లోయలోకి దింపినాయి. ఆడ వెనక చక్రం ఇసుకలో కూరుకుపోయింది. ముస్తాక్ చేతుల్తో తవ్వినాడు, రాళ్లు పెట్టినాడు, ఆమెతో తోయించినాడు. చక్రం ఇంకా లోపలికే పోయింది.

పొద్దు గుంకింది. చలిగాలి లేచింది.

అప్పుడు ముస్తాక్ తలెత్తి చూసినాడు... ఒంటి తుమ్మచెట్టు. దాని మొదట్లో గుండ్రంగా పేర్చిన రాళ్లు.

వానికి తెలిసిపోయింది. పెళ్లానికి చెప్పలేదు. "కార్లో కూర్చో మే, చలిగా ఉంది," అన్నాడు. తనూ ఎక్కి తలుపు వేసుకున్నాడు. అద్దాలు ఎత్తేసినాడు.

కాసేపు ఏమీ లేదు.

తర్వాత — సన్నగా — ఒక ఏడుపు.

మాబున్నీ వాని చెయ్యి పట్టుకుంది. "ఏందది?"

"గాలి."

"గాలి కాదు... బిడ్డ."

మళ్లా వచ్చింది. ఈసారి ఇంకా దగ్గరగా. ఆగి ఆగి, ఊపిరందక ఎగబీల్చే చంటిబిడ్డ ఏడుపు. ముస్తాక్ పెదాలు కదులుతాండాయి, ఏదో చదువుకుంటాండాడు. ఆమె భయంతో కండ్లు మూసుకుంది.

తలుపు తెరిచిన చప్పుడైంది. కండ్లు తెరిచే లోపల పక్కన ముస్తాక్ లేడు.

"యాడికి? ఓయ్... పోవద్దు!"

వాడు వెనక్కి చూడలేదంట. పరిగెత్తినాడు. దెయ్యానికి భయపడి పారిపోయేటోని మాదిరి కాదు. బడి విడిచిపెట్టినాక పిల్లోని కోసం పోయే తండ్రి మాదిరి పరిగెత్తినాడని చెప్పింది మాబున్నీ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది.

వాని ఫోన్ వెలుగు బావి గట్టు మీద ఒక క్షణం నిలబడింది. తర్వాత లోపలికి దిగిపోయింది.

ఏడుపు ఆగింది.

ఆమె చెప్పుల్లేకుండానే ఉరికింది. గట్టు పట్టుకుని వంగి, "ఏమయ్యా!" అని పిలిచింది. పలుకు లేదు. చీకట్లో రాళ్లు దొర్లిన చప్పుడు... ఎవరో రొప్పుతాండారు... గట్టు మీదికి ఒక చెయ్యి వచ్చింది. ఇంకో చేతిలో, చొక్కా చుట్టి రొమ్ముకు అదుముకున్న మూట. ఆ మూట కదులుతాంది.

మాబున్నీ గట్టు వదిలి వెనక్కి జరిగింది.

ముస్తాక్ గట్టు మీద కూలబడి చొక్కా మడత తీసినాడు. మేకపిల్ల. పుట్టి ఒక పూట కూడా అయ్యుండదు, ఒళ్లింకా తడిగానే ఉంది. నోరు తెరిచి ఏడ్చింది. అచ్చం అదే ఏడుపు.

అంతలో టార్చి వేసుకుని ఒక మనిషి వచ్చినాడు. సూడాన్ ఆయన, మేకలు కాసేటాయన. వచ్చీరాని ఉర్దూలో చెప్పినాడు. చలికాలం మేకలు ఈ చెట్టు చాటుకొచ్చి ఈనుతాయంట, ఏటా ఒకటో రెండో పిల్లలు ఆ గుంతలో పడతాయంట. "జిన్నూ లేదు, ఏమీ లేదు భాయ్," అని నవ్వి, ముస్తాక్ వీపు తట్టి, పిల్లను చంకన పెట్టుకుని, కారు లాగడానికి తన బండి తెస్తానని పోయినాడు.

మళ్లా ఇద్దరే మిగిలినారు.

ముస్తాక్ చేతులు ఇంకా ఆ పిల్లను పట్టుకున్నట్టే ఉండాయి. దించలేదు.

"మాబున్నీ..."

"ఊఁ."

"మనోడు... అట్లే ఏడ్చేవాడా?"

బిడ్డ గురించి ఏడాది మీద అదే మొదటి మాట. మాబున్నీ ఔనంటే సరిపోయేది. అనాలనే అనుకుందంట. కానీ రొమ్ము మీద ఖాళీగా ఉండిన ఆ చేతులు చూసినాక అబద్ధం నోట్లోకి రాలేదు.

"వాడు ఏడవలేదయ్యా."

"ఏంది?"

"పుట్టినప్పుడే ఏడవలేదు. నోట్లో పైపు పెట్టి అద్దాలపెట్టెలో పెట్టినారు. తొమ్మిది దినాలు అద్దం ఇవతల నిలబడ్నా... ఒక్క శబ్దం రాలేదు. నువ్వు అంత దూరంలో ఉండావు, ఎట్ల తట్టుకుంటావో అని ఫోన్‌లో ఆస్పత్రి దద్దరిల్లేట్టు ఏడ్చినాడని చెప్పినా. వాని గొంతు నేనూ ఇనలేదు. ఎవరూ ఇనలేదు."

ముస్తాక్ ఆమె దిక్కు తిరిగినాడు. తర్వాత, చిన్నగా అడిగినాడు —

"మరి... ఏడాది నుంచి రోజూ రాత్రి నాకు ఇనబడతాండేది ఎవరి ఏడుపు మే?"

మాబున్నీ వాని తల ఒళ్లోకి లాక్కుని, రెండు చేతుల్తో వాని చెవులు మూసింది. సూడాన్ ఆయన బండి వెలుగు దగ్గరికొచ్చి వాళ్ల మీద పడేదాకా, తియ్యలేదంట.